సెల్లార్ బయటి తలుపు ఎప్పుడు తెరవాలి?

ప్రశ్న: నేను అగ్నిమాపక దళంలో చేరి మూడేళ్లయింది. ఈ మధ్య ఒక ఇంటి సెల్లార్‌లో మంటలు లేచాయి. మా వాళ్లు ఇద్దరు ముందు గుమ్మం గుండా నేల అంతస్తులోకి వెళ్లి సెల్లార్ మెట్ల కోసం వెతుకుతున్నారు. నన్ను ఇంటి వెనక్కి పంపి, అక్కడున్న ఇనుప తలుపు తెరవమన్నారు. గోడకు ఆనుకుని నేల మీద ఏటవాలుగా ఉండే జంట రెక్కల తలుపు అది. తాళం పగలగొట్టి తెరిచాను. కింద మెట్ల చివర ఇంకో చెక్క తలుపు ఉంది. దాన్నీ కాలితో తన్ని తెరిచాను. మొదట పొగ బయటికి రాలేదు, లోపలికి పోయింది. నిమిషం తిరగకుండానే పైనున్న వాళ్లు వాకీటాకీలో "వేడి, వేడి" అని అరిచారు. ఎలాగో బయటపడ్డారు. ఒకాయనకు చెవులు, మెడ కాలాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. నేను చేసింది తప్పా? ఆ తలుపు తెరవకూడదా? తెరవాలంటే ఎప్పుడు, ఎలా?
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మొదట పొగ బయటికి రాలేదు, లోపలికి పోయింది" అని రాశారు. అంత హడావుడిలో ఆ సంగతి మీ కంట పడిందంటే మీ చూపు మంచిది. తలుపు ఊడి వచ్చిందా లేదా అన్నంతవరకే చాలామంది చూస్తారు. ఆ తర్వాత పొగ ఎటు పోతోందో చూడరు. మీరు చూశారు. దాని అర్థం ఏమిటో మాత్రం అప్పటికి మీకు ఎవరూ చెప్పి ఉండరు.

మీరు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆ తలుపు తెరవడం తప్పు కాదు. సెల్లార్ మంటను ఆర్పడానికి చాలాసార్లు అంతకంటే మంచి చోటు దొరకదు. నీళ్లు సిద్ధంగా లేకుండా, పైన ఉన్న ఇద్దరికీ చెప్పకుండా తెరవడం తప్పు. ఆ తప్పులో మీకు కొంత వాటా ఉంది. మిమ్మల్ని పంపినవారికి అంతకంటే పెద్ద వాటా ఉంది. ఒక్క మనిషిని, నీటి గొట్టం లేకుండా, వెనక్కి వెళ్లి తలుపు తీయమని పంపడం దగ్గరే ఆ రోజు కథ అడ్డం తిరిగింది.

ఇప్పుడు ఆ నిమిషంలో ఏం జరిగిందో చూద్దాం. సెల్లార్‌లో కిటికీలు చిన్నవి, తలుపులు మూసి ఉంటాయి. మంట ఉన్న కాస్త గాలినీ త్వరగా వాడేసుకుని కుంగుతుంది. కుంగుతుందే కానీ ఆరిపోదు. లోపలున్న సామానంతా కాగిపోయి, మండగల ఆవిర్లు వదులుతూనే ఉంటుంది. వేడి ఉంది, మండే పదార్థం ఉంది, తక్కువైంది గాలి ఒక్కటే. మీరు కింది తలుపు తన్నినప్పుడు ఆ గాలి అందింది. ఇంట్లోంచి సెల్లార్‌లోకి దిగే మెట్ల పైన తలుపు బహుశా అప్పటికే తెరిచి ఉంటుంది, లేదా మీవాళ్లు వెతుకుతూ అప్పుడే తెరిచి ఉంటారు. ముందు గుమ్మం ఎలాగూ తెరిచే ఉంది. దాంతో వెనక నుంచి గాలి లోపలికి, లోపలి మెట్ల మీదుగా వేడి పైకి, ముందు గుమ్మం గుండా బయటికి ఒక దారి ఏర్పడింది. ఇల్లే పొగగొట్టం అయింది. మీవాళ్లిద్దరూ ఆ గొట్టం మధ్యలో ఉన్నారు.

అందుకే పొగ లోపలికి పోవడం అంత ముఖ్యమైన గుర్తు. మీరు నిలబడ్డ చోట ఇల్లు ఊపిరి పీలుస్తోందంటే, వదిలే చోటు మరెక్కడో ఉందన్న మాట. అక్కడ ఎవరున్నారన్నది ఆ క్షణంలో వెంటనే తెలియవలసిన విషయం.

ఇది మీ ఒక్కరికే ఎదురైన అనుభవం కాదు. 1999 మే 30న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, చెర్రీ రోడ్డులోని ఒక ఇంట్లో మంటలు లేచినప్పుడు ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఇల్లు ముందు నుంచి చూస్తే రెండంతస్తులు, వెనక నుంచి చూస్తే మూడు. సెల్లార్ వెనకవైపు నేలమట్టానికే ఉంది, దానికి పక్కకు జరిపే గాజు తలుపులు ఉన్నాయి. ముందు నుంచి వెళ్లినవారు నేల అంతస్తులో ఉన్నారు. వెనకవైపు గాజు తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆ మంటను కంప్యూటర్ మీద మళ్లీ నడిపి చూసింది. గాలి అందక కుంగి ఉన్న సెల్లార్, తలుపు తెరిచాక 60 సెకన్లలోపే గది మొత్తం ఒక్కసారిగా అంటుకునే స్థితికి చేరింది. ఆ వేడి వాయువులు మెట్ల గుండా మహా వేగంగా పైకి ఎగసి, నేల అంతస్తు గదిలో చేరాయి. మీరు "నిమిషం తిరగకుండానే" అని రాయగానే నాకు ఆ 60 సెకన్లే గుర్తుకొచ్చాయి.

మీ ఉత్తరంలో మరో విలువైన వివరం ఉంది. అది రెండో తలుపు. ఏటవాలు ఇనుప రెక్కలు ఉన్న ఇళ్లలో చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. పైన రెక్కలు, కింద ఇరుకైన మెట్ల గుంట, గుంట చివర సెల్లార్ గోడలో మామూలు తలుపు. పై రెక్కలు తీసినంత మాత్రాన సెల్లార్‌కు గాలి అందదు, కింది తలుపు మూసి ఉన్నంతవరకు మంట కుంగే ఉంటుంది. అంటే ఆ రెండు తలుపుల మధ్య మీకు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని వాడుకోవాలి. పై రెక్కలు తీసి కదలకుండా కట్టేయడం, మెట్లు చూసుకోవడం, నీటితో నిండిన గొట్టాన్ని గుంట అంచుదాకా తెచ్చుకోవడం, మాస్కు బిగించుకోవడం, అన్నీ అప్పుడే జరగాలి. తర్వాత వాకీటాకీ అందుకుని చెప్పాలి: "వెనక సెల్లార్ తలుపు దగ్గర నీళ్లతో సిద్ధంగా ఉన్నాం. లోపలి తలుపు మూసే ఉంది. తెరవమంటారా?" అవతల నాయకుడు లోపలివాళ్లను అడగాలి. వాళ్లు మెట్ల దారి నుంచి తప్పుకున్నామనో, మెట్ల పైతలుపు మూశామనో చెప్పాలి. అప్పుడు తెరవాలి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి. ఇంకా రాకపోతే ఒక మనిషిని ముందువైపుకు పరుగెత్తించండి. తలుపు మీద మాత్రం చెయ్యి వేయవద్దు.

సెల్లార్ లోపల మనిషి అరుస్తున్నట్టు వినిపిస్తే ఏం చేయాలని మీరు అడగవచ్చు. అప్పుడు ఆగడం కష్టం, ఆగమని నేనూ చెప్పను. కానీ అప్పుడు కూడా చేతిలో నీళ్లుండాలి, పైవాళ్ల చెవిన మాట పడాలి. ఆ రెండింటికీ పట్టేది కొన్ని సెకన్లే. ఆ సెకన్లు వదులుకుంటే లోపలున్న మనిషి దగ్గరికి మీకంటే ముందు మంటే వెళుతుంది.

పై రెక్క మీద చెయ్యి పెట్టి వేడి చూసి, చల్లగా ఉంది కాబట్టి లోపల పరవాలేదు అనుకోవడం నేను చాలాసార్లు చూశాను. రెండో తలుపు ఉన్నచోట ఆ పరీక్షకు విలువ లేదు. మధ్యలో గుంట నిండా చల్లటి గాలి ఉంటుంది. చూడవలసింది కింది తలుపును. దాని మీద రంగు పొక్కులు లేచిందా, అంచుల సందుల్లోంచి పొగ వస్తూ పోతూ ఊపిరి తీస్తున్నట్టు ఆడుతోందా అన్నది చూడాలి. అలా ఆడుతుంటే లోపల గాలి కోసం ఆవురావురుమంటున్న మంట ఉంది. తెరిస్తే పేలినట్టు బయటికి తన్నవచ్చు. అటువంటి తలుపు ఎదురుగా గుంటలో ఎవరూ ఉండకూడదు. కొన్నిచోట్ల రెండో తలుపే ఉండదు, రెక్క తీయగానే నేరుగా సెల్లార్. బయట నుంచి అది తెలియదు. కాబట్టి తాళం కోసే ముందే, ఇదే ఆఖరి తలుపు అనుకుని నీళ్లు తెచ్చుకోవడం క్షేమం.

ఇంకొక మాట. మీరు కింది తలుపును తన్నారు. తన్ని పగలగొట్టిన తలుపును మళ్లీ మూయలేం. అదే గొళ్ళెం దగ్గర జాగ్రత్తగా ఊడదీసి, పిడికి తాడు కట్టి, పక్కన వంగి కూర్చుని బెత్తెడు సందు తీసి ఉంటే, పైవాళ్లు అరిచిన క్షణంలో తాడు లాగి మూసేవారు. గాలి ఆగేది. మంట పూర్తిగా కుంగకపోయినా, మీవాళ్లు బయటపడడానికి కావలసిన కొద్దిపాటి సమయం దొరికేది. మంట ఉన్న ఇంటి తలుపు ఏదైనా సరే, మళ్లీ మూసుకునేలా తెరవడం అలవాటు చేసుకోండి.

ఇక నీళ్ల సంగతి. మా తరంలో అందరికీ ఒకటే పాఠం నేర్పారు: ఇంట్లోంచి వెళ్లి, లోపలి మెట్లు దిగి, కింద మంటను ఎదుర్కోవాలి, బయట నుంచి నీళ్లు కొడితే మంటను లోపలివాళ్ల మీదికి నెట్టినట్టవుతుంది. నేనూ అదే నేర్చుకున్నాను, ఎన్నో ఏళ్లు అదే నేర్పాను. 2012లో న్యూయార్క్ గవర్నర్స్ ఐలాండ్‌లో ఖాళీ చేసిన ఇళ్లను నిజంగా తగలబెట్టి, న్యూయార్క్ అగ్నిమాపక విభాగం, నిస్ట్, భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ కలిసి చేసిన ప్రయోగాల్లో సెల్లార్ మంటలనూ పరీక్షించారు. బయటి నుంచి సెల్లార్‌లోకి నీళ్లు కొట్టినప్పుడు పై అంతస్తులోనూ వేడి తగ్గింది. వేడిని మెట్ల మీదికి తరిమేది అదుపు లేకుండా దొరికిన గాలి. మంటను తాకిన నీరు ఆ వేడిని మింగేస్తుంది. లోపలి మెట్లు దిగడమంటే పొగగొట్టంలోకి పైనుంచి దిగడమే. బయటి తలుపు దగ్గర నిలబడితే మన వీపు వెనక చల్లటి గాలి ఉంటుంది.

అయితే నాజిల్‌ను ఎలా పట్టామన్నది ముఖ్యం. తుంపర్లుగా విప్పి తలుపంతా కప్పేసేలా కొడితే ఆ జల్లు తనతోపాటు బోలెడంత గాలిని లోపలికి లాక్కుపోతుంది. సన్నటి ఒకే ధారగా, నిటారుగా లోపలి కప్పుకు తగిలేలా కొట్టండి. కప్పుకు తగిలి చెదిరిన నీరు గదంతా వానలా పడుతుంది. లోపలి వేడి వాయువులు అలా చల్లబడతాయి. లోపల అడ్డుగోడలుంటే ఒక్క చోటి నుంచి కొట్టిన నీరు మంట దాకా చేరకపోవచ్చు. అప్పుడు చల్లబరిచి, దిగి, ముందుకు సాగాలి. పైనుంచి రెండో బృందం అదే మంట మీదికి దిగుతుంటే మాత్రం ఎవరో ఒకరు ఆగాలి. ఎవరన్నది నాయకుడు చెప్పాలి, మీరూ వాళ్లూ ఊహించుకోకూడదు.

పైన నిలబడినవాళ్ల కాళ్ల కింద ఉన్నది సెల్లార్ కప్పే అన్నది కూడా మరిచిపోకూడదు. 2008లో యూఎల్ కొలిమి పరీక్షల్లో, కింద ఏ రక్షణ పొరా లేని పాతకాలపు గట్టి కలప దూలాల నేల సుమారు 18 నిమిషాలు నిలబడితే, ఫ్యాక్టరీలో అతికించి చేసిన సన్నని ఐ-ఆకారపు దూలాల నేల సుమారు 6 నిమిషాలకే కూలింది. ఆ 6 నిమిషాలు మీరు చేరుకునేలోపే అయిపోయి ఉండవచ్చు. కాలితో, గునపంతో తట్టి చూస్తే నేల గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పైన కార్పెట్, పలకలు ఉంటే వేడిని చూపే థర్మల్ కెమెరాకు కింద కాలుతున్నది సరిగా కనిపించదు. బయటి తలుపు నుంచి పని మొదలుపెడితే ఆ నేల మీద ఎవరూ నిలబడవలసిన అవసరమే ఉండదు. నాకు ఆ తలుపంటే అంత గౌరవం ఉండడానికి పెద్ద కారణం ఇదే.

మంట గురించి చాలా చెప్పాను. ఆ తలుపు ఇనుము కూడా మనుషులను గాయపరుస్తుంది. నా మొదటి సంవత్సరాల్లో ఒక సెల్లార్ దగ్గర రెక్కను ఎత్తి, అక్కడే దొరికిన కర్రముక్క దానికి ఆసరాగా పెట్టాం. గొట్టాన్ని రెక్క కిందుగా లోపలికి పరిచాం. పంపు తిప్పి నీళ్లు వదలగానే మెత్తగా పడి ఉన్న గొట్టం ఒక్కసారిగా బిగుసుకుని, పాములా మెలితిరిగి కర్రను పక్కకు తన్నేసింది. రెక్క పడింది. మెట్ల మీద ఉన్న మా సహచరుడి ముంజేయి అంచుకూ రెక్కకూ మధ్య నలిగింది. రెక్క కింద గొట్టం కూడా నొక్కుకుపోయి, కింద ఉన్న మరో ఇద్దరికి నీళ్లు ఆగిపోయాయి. ఇదంతా రెప్పపాటులో జరిగింది. ఆ ఎముక విరిగిన చప్పుడు మంట హోరులోనూ వినిపించింది.

అప్పటి నుంచి నాకు కొన్ని పట్టింపులున్నాయి. రెక్కను కర్రతో, గునపంతో ఆపి వదలకూడదు. పూర్తిగా వెనక్కి తిరిగి నేల మీద పడుకునే రకమైతే అలా పడుకోబెట్టాలి. నిటారుగా మాత్రమే నిలిచే రకమైతే తాడుతో గట్టి ఆధారానికి కట్టేయాలి. దాని సొంత ఆసరా కడ్డీ ఉన్నా, తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి నమ్మకూడదు. మనుషులు దిగవలసి వస్తే, సమయం ఉంటే, మడతబందులు కోసి రెక్కనే తీసి పక్కన పడేయడం అన్నిటికంటే మేలు. తాళం పగలగొట్టేటప్పుడు రెక్కల మీద ఎక్కి నిలబడవద్దు. పైకి రంగు నిగనిగలాడుతూ ఉన్నా కింద వైపు తేమకు రేకు తినేసి ఉంటుంది. రెక్కలకు స్ప్రింగులుంటే గడియ ఊడగానే మొహం మీదికి ఎగసి రావచ్చు, వంగి ఎదురుగా ఉండవద్దు. చాలా రెక్కలకు గడియ లోపలి వైపే ఉంటుంది. బయట తాళం కనిపించకపోతే తెరిచి ఉందని అనుకోవద్దు, రెండు రెక్కలు కలిసే చోట పని పెట్టుకోండి.

గుంటలోకి దిగే ముందు మెట్లు ఉన్నాయో లేదో చూడాలి. నవ్వవద్దు. కొన్నిచోట్ల చెక్క మెట్లు పుచ్చి కూలిపోయి ఉంటాయి. దుకాణాల ముందు కాలిబాట మీద ఉండే ఇనుప మూతల కింద కొన్నిసార్లు మెట్లే ఉండవు, సరుకులు దింపే లిఫ్టు గుంట ఉంటుంది. గునపం మొనతో ఒక్కొక్క మెట్టూ తట్టుకుంటూ, మొహం మెట్ల వైపు పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగండి. ఎన్ని మెట్లో లెక్కపెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు పొగలో ఆ అంకె ఒక్కటే మిగులుతుంది. గ్యాసు వాసన వస్తే అసలు దిగవద్దు, కోత యంత్రం కూడా తిప్పవద్దు. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, నీళ్లు పల్లానికి చేరినట్టు అది ఆ గుంటలోకే చేరుతుంది. మంట ఆరిపోయి, పొగ పలుచబడ్డాక కూడా మాస్కు తీయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు.

తెరిచిన గుంట దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి, లైటుతో. ఇది చాలామంది మరిచిపోతారు. ముందువైపు నుంచి ఇంటిని చుట్టి వచ్చే మనవాడికి రాత్రి పొగలో నేల మీద ఉన్న ఆ నల్లటి చదరం కనిపించదు. మంటతో ఏ సంబంధం లేకుండానే మెడ విరుగుతుంది. ఆ నిలబడ్డ మనిషే రెక్కలను కనిపెట్టుకుంటాడు, గొట్టం నలగకుండా చూస్తాడు, పొగ దిశ మారితే లోపలికి కేక వేస్తాడు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. చేరుకోగానే ఎవరో ఒకరు ఇంటి చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగి, వెనక ఏముందో అందరికీ చెప్పాలి. మీవాళ్లిద్దరూ లోపలికి వెళ్లే ముందే "వెనక సెల్లార్‌కు బయటి తలుపు ఉంది" అన్న ఒక్క మాట వాకీటాకీలో వినిపించి ఉంటే, వాళ్లు అసలు ముందు నుంచి వెళ్లేవారే కాదేమో.

చివరగా, చెవులు కాలిన ఆ పెద్దాయన గురించి. ఆయన మౌనాన్ని మీరు నింద అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మెట్ల పైతలుపు తెరిచింది తానేనేమో అని ఆయన కూడా రాత్రిళ్లు ఆలోచిస్తూ ఉండవచ్చు. క్షమాపణ చెప్పాలనిపిస్తే చెప్పండి, కానీ దానితో ఆపకండి. వెనక మీరు ఏ వరసలో ఏం చేశారో, పొగ ఎటు కదిలిందో కాగితం మీద రాసుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. "లోపల మీకు వేడి ఎప్పుడు మొదలైంది? మెట్ల తలుపు తెరిచి ఉందా?" అని అడగండి. వాకీటాకీ సంభాషణ రికార్డు అయి ఉంటే సమయాలతో సహా తెప్పించుకుని ముగ్గురూ, మిమ్మల్ని వెనక్కి పంపిన నాయకుడితో సహా, కూర్చుని వినండి. ఆ కాగితాన్ని మీ స్టేషన్‌లో వచ్చే శిక్షణ రోజున అందరి ముందూ చదవమని అడగండి.

ఆయన గాయాలు ఎలా ఉన్నాయో మళ్లీ ఒకసారి రాయండి. తెలుసుకోవాలని ఉంది.